లైన్ క్లియర్ అడిగే మనిషి

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరి గురించైనా నలుగురిలో నోరు విప్పాలంటే ముందు ఆ మనిషిని అడిగి తీరాలని ఆయన పట్టుదల. అడుగుదామంటే ఇప్పుడాయన లేరు. పోయిన నెల ఖరగ్‌పూర్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి ఆ కబురు చెప్పింది. అడక్కుండా రాస్తున్నాను కాబట్టి కనీసం పేరు వదిలేస్తే కోపం కాస్త తగ్గుతుందని నా ఆశ. కోపం వస్తే ఆయన అరిచేవారు కాదు. జేబులోంచి పెన్ను తీసి దాని మీట నొక్కుతూ కూర్చునేవారు. ఏ చిన్న చప్పుడూ పడని మనిషికి ఆ టిక్కుటిక్కు మాత్రం వినపడేది కాదు.

తొంభైల నాటి మాట. తెనాలి నుంచి ఇంజినీరింగ్ చదవడానికి అంత దూరం వెళ్లాను. చుట్టూ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. నాకేమో నోరు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. ఒకరోజు హాస్టల్ దారిలో నోటీసు బోర్డు ముందు ఒక మనిషి కాగితం అంటిస్తూ, వంకరగా వచ్చిందని పీకి మళ్లీ అంటిస్తూ, "ఏటిది, సక్కగా రాదేటి" అని తనలో తను గొణుక్కుంటున్నాడు. తెలుగు! ప్రాణం లేచొచ్చింది. పలకరిద్దామని దగ్గరికి వెళ్లి ముందు ఆ కాగితం చదివాను. ఆటిజం ఉన్నవాళ్ల హక్కుల కోసం విద్యార్థుల క్లబ్బు పెడుతున్నాం, ఆదివారం మధ్యాహ్నం రండి అని ఇంగ్లీషులో ఉంది. కింద ఇంకో వాక్యం: దయచేసి జాలితో రావద్దు.

ఆ రోజుల్లో ఆటిజం అనే మాట చాలామంది డాక్టర్లే విని ఉండరు. మాటలు రాకపోవడం, వచ్చినా అందరిలా వాడలేకపోవడం, వెలుతురూ చప్పుడూ ఒంటి మీద దెబ్బల్లా తగలడం, ఒక పద్ధతికి అలవాటు పడితే అది మారినప్పుడు ప్రాణం పోయినట్టుండటం, వీటన్నిటికీ కలిపి ఒక పేరుందని ఎవరికి తెలుసు? పిచ్చి అనేవాళ్లు, మొండి అనేవాళ్లు. నేను "ఇదేం క్లబ్బండీ?" అని తెలుగులో అడిగాను. ఆయన నా మొహం వంక చూడలేదు. నా భుజం వెనక ఎక్కడో చూస్తూ, "మీరు మాటాడేది రేడియో తెలుగు" అన్నారు. అంతే. సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఆయనది ఆ ఊరే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ట్రాఫిక్‌లో, అంటే రైల్వే క్వార్టర్లుండే కాలనీలో, ఇల్లు. తండ్రి నిమ్‌పురా యార్డు కేబిన్‌లో సిగ్నల్ లివర్లు లాగే ఉద్యోగం. ఇంటి నుంచి కూతవేటు దూరంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో సీటొచ్చినా నిబంధన ప్రకారం హాస్టల్లోనే ఉండాలి. ఉన్న ఊళ్లోనే ఊరు మారిన బాధ ఆయనది.

ఆ ఆదివారం నేను జాలితో వెళ్లలేదు, సమోసాలు పెడతారని వెళ్లాను. పెట్టలేదు. అరటిపళ్లు పెట్టారు. బెంగాల్లో ఎక్కడికి వెళ్లినా మరమరాలు పెడతారు కదా, ఇదేమిటని అడిగితే, "మురీ తింటే కరకరమంటాది. అరిటిపండు నమిలినా సప్పుడు రాదు" అన్నారు. గదిలో ట్యూబులైటు వెయ్యనివ్వలేదు. దాని చోక్ గుయ్యిమంటుందట. మాకెవరికీ వినపడలేదు. కిటికీ పక్క వెలుతుర్లో గుండ్రంగా కూర్చున్నాం. ఎవరైనా బాగా మాట్లాడితే చప్పట్లు కొట్టకూడదు, గార్డు జెండా ఊపినట్టు జేబురుమాలు ఊపాలి. వచ్చినవాళ్లలో సగం మంది ఇది దానధర్మాల క్లబ్బనుకుని పాత స్వెట్టర్లు, బిస్కట్ పొట్లాలు పట్టుకొచ్చారు. ఆయన ఆ స్వెట్టర్లను ఎవరివి వాళ్లకి మడతపెట్టి మరీ తిరిగిచ్చేశారు. "ఇక్కడెవలికీ సలెయ్యటం నేదు" అని నాతో తెలుగులో చెప్పి, అందర్తో చెప్పమన్నారు. నేను కాస్త మర్యాద కలిపి ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నుంచి నేను అనువాదకురాలినైపోయాను. ఇంగ్లీషు ఆయనకు నాకంటే బాగా వచ్చు. మర్యాద కలపడమే రాదు.

ఒక కుర్రాడు లేచి, మా పక్కింట్లో ఇలాంటి పిల్లాడే ఉన్నాడు, వాడు ఏం చేస్తాడంటే అని మొదలుపెట్టాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు. "లైన్ క్లియర్ తీసుకున్నారా?" అని అడిగారు. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఒక స్టేషన్ నుంచి బండి వదలాలంటే ముందున్న స్టేషన్‌ని అడగాలి. లైను ఖాళీగా ఉంది, పంపండి అని వాళ్లు ఒప్పుకుంటేనే వదలాలి. ఇటు ఎంత తొందరున్నా, బండిలో ఎంత పెద్ద ఆఫీసరున్నా అంతే. అడక్కుండా వదిలితే జనం చచ్చిపోతారు. "మనిషి సంగతీ అంతే. వాడి గురించి సెప్పడానికి వాణ్ణడిగినారా? అడిగితే సెప్పండి, నేకపోతే కూకోండి." నేను దానికీ కొంచెం మర్యాద కలిపాను గానీ ఆ కుర్రాడు మళ్లీ రాలేదు.

ఆయన సొంత సంగతి మాత్రం ఎవరూ అడక్కుండానే ఒకరోజు సైకిలు తొక్కుతూ చెప్పారు. మేం ట్రాఫిక్ వైపు వెళ్తున్నాం. ఇందా అనే పేట బజారులో ఆటోల హారన్లు భరించలేక ఆయన ఎప్పుడూ చుట్టు దారిలో తీసుకెళ్లేవారు. లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో ఆటిజం గురించి చదివారట. "అది సదివినాక నా మీద నాకు కోపం పోయినాది" అన్నారు. "అంతవరకూ నేను మొండోణ్ణనుకున్నాను. మా అయ్యా అదే అన్నాడు, మాస్టార్లూ అదే అన్నారు. అంతమంది అంటే నిజమే అనుకుంటాం కదా." నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడరని ధైర్యంగా ఏడ్చాను.

ఆయనతో మాటలు జాగ్రత్తగా ఆడాలి. "మాటవరసకా అండీ, నిజానికా?" అని అడిగేవారు ప్రతిదానికీ. ఎలా ఉన్నారంటే, మాటవరసకా నిజానికా? మాటవరసకే అంటే "బాగున్నాను" అనేవారు. నిజానికే అంటే కడుపు నొప్పి దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు. ఒకసారి వేసవి సెలవలకి వెళ్తూ, మనం అంటాం కదా, "మా ఊరు రండి" అన్నాను. మాటవరసకా, నిజానికా? రోషం వచ్చి నిజానికే అన్నాను. ఏ తేదీ అన్నారు. నోటికొచ్చిన తేదీ చెప్పి మర్చిపోయాను. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే తెనాలిలో మా గుమ్మం ముందు చేతిసంచీతో నిలబడ్డారు. మా నాన్నకి ఏం చెప్పాలో తెలియక నేను పెరట్లోకి పారిపోయాను. ఆయన పెరుగన్నం తిని, మంచం మీద పడుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోతూ మా అమ్మతో, "మీ ఇంట్లో ఫేను సప్పుడు సెయ్యదు. శానా మంచిల్లు" అన్నారు. మా ఇంటికి వచ్చిన చుట్టాల్లో మా అమ్మకి నచ్చిన మగమనిషి ఆయనొక్కడే.

ఇక సువార్త సంగతి. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ట్రాఫిక్‌లో ఆయన వాళ్ల ఇంటికి ఎదురు వరసలో దీనమ్మ గారని ఒకావిడ ఉండేది. భర్త గూడ్సు గార్డుగా చేస్తూ పోతే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. కూతురు సువార్త. ఆయనకంటే కొంచెం పెద్దది. పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట మాట్లాడలేదు. రోజంతా వరండా మెట్ల మీద కూర్చునేది, పక్కనే తన స్టీలు గ్లాసు. నీళ్లైనా టీ అయినా కావాలంటే గ్లాసు నిలబెట్టి ఉంచేది. వద్దంటే బోర్లించేది. తిండీ స్నానమూ వచ్చిన చుట్టాలూ, ఏది వద్దన్నా ఆ గ్లాసు బోర్లించడమే. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, తెలిసీ పట్టించుకునేవాళ్లు కాదు.

చిన్నప్పుడు బళ్లో దెబ్బలు తిని వచ్చిన రోజు ఈయన ఆ మెట్ల మీద ఇటు చివర కూర్చునేవారట, ఆవిడ అటు చివర. "మేఁవిద్దరం స్నేహితులం" అని నాకు పరిచయం చేశారు. మాట్లాడుకోకుండా స్నేహమేమిటండీ అన్నాను. "మాటాడుకుంటే ఇన్నాళ్లు ఉండునా?" అన్నారు. ఆవిడ నా వంక ఒక్కసారి చూసి గ్లాసు బోర్లించింది. నేను నవ్వేశాను. ఆయన కూడా నవ్వారు. నవ్వొస్తే కుడిచేతి వేళ్లు నీళ్లు విదిలించినట్టు ఆడించేవారు.

ఆ ఏడాది ఆవిడ అన్నకి ఆద్రా అనే ఇంకో రైల్వే ఊరికి బదిలీ అయింది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అక్కడ దొరికింది ఇంతకంటే చిన్నిల్లు. అన్నకి ఇద్దరు పిల్లలు, భార్య, తల్లి. ఒరిస్సా వైపు ఎక్కడో ఒక ఆశ్రమం ఉందనీ, సువార్తని అక్కడ చేర్చేస్తాననీ అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ ఆశ్రమమూ చెడ్డది కాదు. మేం నలుగురం బస్సులో వెళ్లి చూసొచ్చాం, శుభ్రంగానే ఉంది. క్లబ్బులో చాలామంది, పోనీలే, అక్కడ అలాంటివాళ్లతో కలిసి ఉంటుంది కదా అన్నారు. ఈయన పెన్ను తీసి టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టారు.

"సువార్తని అడిగినారా?"

తిన్నగా లేచి వాళ్లింటికే వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. అన్న భోజనం చేస్తున్నాడు.

"దానికేటి తెలుసురా? అడిగితే సెప్తాదా?" అన్నాడు.

"మీరు గార్డు డ్యూటీ సేస్తారు కదన్నా. మీకు తొందరగా ఉందని లైన్ క్లియర్ నేకుండా బండి వదిలేస్తారా?"

అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. హక్కులని, చట్టమని మేం ముందే వచ్చి చెప్పిన మాటలన్నీ ఆ మనిషి చెవి దాటి లోపలికి వెళ్లలేదు. ఇది వెళ్లింది. తండ్రిదీ తనదీ ఆ ఒక్క మాట మీద నడిచిన ఉద్యోగం. కాసేపటికి, "అయితే నువ్వే అడుగు. అది సెప్పిన కాడికి సేద్దాం" అన్నాడు.

అడగడానికి ఈయన చాలా రోజులు తీసుకున్నారు. స్నేహితుడి కెమెరాతో ఆశ్రమం ఫొటో తీశారు. ఆద్రా వెళ్లి అక్కడి క్వార్టర్ ఫొటో తీశారు. రోజూ సాయంత్రం వెళ్లి ఆ ఫొటోలు మెట్ల మీద పెట్టి అటు తిరిగి కూర్చునేవారు. ఆవిడ వాటిని చూసిందో లేదో కూడా అడిగేవారు కాదు. చివరికి ఒక ఆదివారం క్లబ్బు వాళ్లం కొందరం, దీనమ్మ గారు, అన్న, అందరం వరండాలో ఉండగా ఆశ్రమం ఫొటో ఒక్కటే ముందు పెట్టారు. ఆవిడ చాలాసేపు ఊగుతూ కూర్చుంది. తర్వాత గ్లాసు తీసుకెళ్లి ఆ ఫొటో మీద బోర్లించింది.

మేం జేబురుమాళ్లు తీసి ఊపేశాం. దీనమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్న తలొంచుకుని, "సరే, ఆశ్రమం నేదు. మాతోనే వస్తాది" అన్నాడు. గెలిచాం అనుకున్నాం. ఈయన రుమాలు ఊపలేదు. ఆద్రా ఇంటి ఫొటో తీసి పక్కన పెడుతున్నారు. నేను చెయ్యి పట్టుకోబోయి, ముట్టుకుంటే పడదని గుర్తొచ్చి ఆగాను. "చాలండీ, అన్న ఒప్పుకున్నాడుగా. ఇంకా ఎందుకు అడగడం?" అని గుసగుసలాడాను.

"రెండోది అడక్కపోతే, మొదటిది మన కోసం అడిగినట్టే" అన్నారు.

ఆవిడ ఆ ఫొటో మీద కూడా గ్లాసు బోర్లించింది. అప్పుడు ఆయన సంచీలోంచి మూడో ఫొటో తీశారు. అది ఆ వరండాదే, ఆ మెట్లదే. సువార్త దాన్ని ఒళ్లోకి తీసుకుంది. దాని మీద గ్లాసు నిలబెట్టి, పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆవిడకి ఏం కావాలో ఆ రోజు అక్కడున్న అందరికీ తెలిసింది. అది ఇవ్వగలిగినవాళ్లు మాత్రం అక్కడ ఎవరూ లేరు.

క్వార్టర్ల వ్యవహారాలు చూసే ఆఫీసుకి వెళ్లాం. అక్కడి బెంగాలీ ఆఫీసరు పెద్దమనిషి. కూర్చోబెట్టి టీ ఇప్పించి అంతా విన్నాడు. పిల్లల పరీక్షలుంటే కొన్నాళ్లు ఉండనిస్తాం, ఇంట్లో జబ్బుంటే డాక్టరు సర్టిఫికెట్టు మీద ఉండనిస్తాం అన్నాడు. "ఆవిడకి జబ్బు లేదు. ఆ ఇల్లు ఇష్టం" అన్నారు ఈయన. నేను బల్ల కింద కాలు తొక్కాను, జబ్బని ఒక్క ముక్క అంటే ఏం పోతుందని. ఆయన కాలు వెనక్కి తీసుకుని మళ్లీ అదే అన్నారు. ఆఫీసరు నిజంగానే బాధపడ్డాడు. "దాదా, ఇష్టం అనే కారణం మా రూల్సులో లేదు" అన్నాడు. పిల్లల పరీక్షల పేరు మీద వేసవి దాకా మాత్రం ఆపాడు. బయటికొచ్చాక నేను ఈయన మీద అరిచాను. అబద్ధం కూడా కాదు కదండీ, డాక్టరు దగ్గరికి వెళ్తే ఏదో ఒకటి రాసిస్తాడు కదా అని. "ఆవిడకి జొరం కూడా రానేదు. నా స్నేహితురాలికి జబ్బని నేనే రాయించేస్తే ఇంక క్లబ్బెందుకు?" అన్నారు.

వేసవి వచ్చింది. ముందురోజు క్వార్టర్ తాళం అప్పగించేశారు. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లేసరికి ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, కుక్కర్, పిల్లలు, దీనమ్మ గారు. సువార్త బెంచీ మీద చెవులు మూసుకుని ఉంది. ఒళ్లో గ్లాసు బోర్లించి ఉంది.

బండి వచ్చింది. సామాను ఎక్కించబోతూ, బండి వెళ్లిపోతుందని కూలీ తొందరపెట్టాడు. "దీదీ, గాడీ ఛూట్ జాయేగీ!" ఆవిడ కదల్లేదు. అన్న దగ్గరికొచ్చి, "ఒగ్గీయండి, ఎత్తి ఎక్కించేస్తాను" అన్నాడు.

ఈయన అడ్డంగా నిలబడ్డారు. "ఎత్తకండన్నా. మనిషి, సామాను కాదు. బండి పోనీయండి."

"పోనిస్తే?"

"ఇంకోటి వస్తాది."

ఆ బండి పోనిచ్చారు. ఈయన వెళ్లి బెంచీ రెండో చివర కూర్చున్నారు, ఆవిడ వంక చూడకుండా. రైల్వే వాళ్ల పిల్లాడే గానీ ఆయనకి స్టేషనంటే నరకం. ఎనౌన్సుమెంట్లు, ఇంజను కూతలు, టీ అమ్మేవాళ్ల అరుపులు. అత్యవసరమైతే తప్ప అటు అడుగుపెట్టని మనిషి ఆ రోజంతా అక్కడే ఉన్నారు. ఇంజను కూసినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి చెవులు మూసుకునేవారు, ఒకేసారి తీసేవారు. ఆయన మొహం పాలిపోయి చెమటలు కారుతున్నాయి. నేను నీళ్లు తెస్తే వద్దని తలాడించారు. పిల్లలు సామాను మీద నిద్రపోయారు. దీనమ్మ గారు ప్రార్థన చేసుకుంటోంది. నా జన్మలో నేను అంతసేపు నోరు మూసుకున్నది ఆ రోజే.

సాయంత్రం బండి వచ్చి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. సువార్త లేచింది. గ్లాసు నిలబెట్టలేదు, బోర్లించలేదు. సంచీలో అడ్డంగా పడేసింది. తనంతట తను నడిచి రైలుపెట్టె ఎక్కి, కిటికీ పక్క కాకుండా లోపలెక్కడో కూర్చుంది. "దేవుడు దయ సూపినాడు బాబూ" అని దీనమ్మ గారు ఈయనకి దండం పెట్టింది. అన్న కళ్లు తుడుచుకుంటూ, "నీ మాటే నెగ్గిందిరా తమ్ముడూ, ఒప్పుకుంది" అన్నాడు. నేను బండి కనుమరుగయ్యే దాకా రుమాలు ఊపాను.

తిరిగి చూస్తే ఈయన ఇంకా బెంచీ మీదే ఉన్నారు. ఆవిడ కూర్చున్న వైపు చూస్తున్నారు. నేను సంతోషంగా ఏదో అనబోయాను.

"ఒప్పుకోనేదు" అన్నారు. "అలిసిపోయినాది. రెండూ ఒకటి కాదండీ."

తర్వాతి ఆదివారం క్లబ్బుకి మా సలహాదారు ప్రొఫెసరు గారొచ్చారు. మంచి మనసున్న మనిషి, ఉత్సాహవంతుడు. ఇది మన క్లబ్బు సాధించిన మొదటి విజయమని, బలవంతం లేకుండా ఒక మనిషి ఇష్టప్రకారం అంతా జరిపించామని పొగిడి, రూలు మర్చిపోయి చప్పట్లు కొట్టారు. ఈయన చెవులు మూసుకుని, చప్పట్లు ఆగాక లేచారు. ఇది విజయం కాదు, మేం ఆవిణ్ణి మర్యాదగా అలసిపోనిచ్చాం, అంతే అన్నారు. ఈసారి ఇంగ్లీషులో తనే చెప్పారు. మర్యాద కలపడానికి నన్ను పిలవలేదు. గదిలో కొందరికి కోపం వచ్చింది, ఇంత కష్టపడితే ఇదా మాట అని. తర్వాత రావడం మానేశారు. మిగిలిన కొద్దిమందిమీ అరటిపళ్లు తింటూ, కిటికీ పక్కన కూర్చుని, క్లబ్బు నడిపాం. బడిలో కూర్చోనివ్వని పిల్లల కోసం బడులకి తిరిగాం. కొన్నిచోట్ల గెలిచాం. గెలిచిన ప్రతిసారీ ఆయన అడిగే ప్రశ్న ఒకటే, ఒప్పుకున్నారా, అలిసిపోయారా అని. ఆ ప్రశ్న భరించడం కష్టం. దానివల్లే ఆ క్లబ్బు పెద్దది కాలేదు, దానివల్లే నేను అందులో చివరిదాకా ఉన్నాను.

చదువైపోయేదాకా ఆయన నెలకో ఆదివారం ఆద్రా వెళ్లేవారు. అక్కడ ఇంటికి వరండా లేదు, గుమ్మంలో ఒక రాయి ఉండేదట. దాని మీద ఇటు చివర ఈయన, అటు చివర ఆవిడ. ఆ గ్లాసు ఆవిడ మళ్లీ ఎప్పుడూ బోర్లించలేదని ఒకసారి నాతో అన్నారు. మంచిదే కదండీ అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి మీట నొక్కడం మొదలుపెట్టారు. ఉద్యోగానికి దూరం వెళ్లాక కూడా సెలవు దొరికినప్పుడల్లా ముందు ఆద్రా వెళ్లి తర్వాతే ఇంటికి వెళ్లేవారు. సువార్త పోయేవరకూ అంతే. ఆవిడ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఎలా ఉన్నారండీ అని అడిగాను. మాటవరసకా నిజానికా అని ఎదురడగలేదు. "బాగున్నాను" అనేశారు. నాకు అప్పుడే భయం వేసింది.

పోయిన నెల ఫోన్ చేసిన చెల్లెలు పాపం ఎవరితోనైనా చెప్పుకోవాలని చేసింది. ఆయన చివరి రోజులు పెద్ద ఆసుపత్రిలో గడిచాయట. పగలూ రాత్రీ లైట్లు వేసే ఉండేవట, మంచం పక్కన మిషన్లు ఒకటే కూత. అటు తిప్పడం, ఇటు తిప్పడం, సూదులు.

"సిన్నప్పుడు ట్యూబులైటేస్తే ఇల్లు పీకి పందిరేసీవోడక్కా అన్నయ్య. అక్కడ ఏటీ అన్నేదు. ఎవలు ముట్టుకున్నా వద్దన్నేదు. ఇంత మంచి పేషెంటుని సూడనేదని నర్సులన్నారు. సివరికి అన్నిటికీ ఒప్పేసుకున్నాడక్కా, శాంతిగా ఎళ్లిపోయినాడు. కదక్కా?"

ఆ పిల్ల ఏడుస్తోంది. నా నోట్లోంచి అవునన్న మాట కోసం చూస్తోంది. "అవునమ్మా" అన్నాను.

మాటవరసకి అన్నాను. నిజానికి ఆయన ఒప్పుకోలేదు. అలిసిపోయారు.